ఉషత్త క్లచ్చు వదిలే చోటు

క్లచ్చు గురించి నాకంటే తెలిసినవాడు పాలకోడు చుట్టుపక్కల ఎవడైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. చెట్టికరైలో ఇంజనీరింగు చదవడానికి పోయి మూడో సెమిస్టరులో తిరిగొచ్చినవాణ్ణి. మా ఇంట్లో దాన్ని చదువు మానేయడం అంటారు. నేను తొందరగా ముగించడం అంటాను. అప్పటినుంచి నా చేతి కింద డ్రైవింగు నేర్చుకున్నవాళ్లలో చెరుకు లారీలు తోలేవాళ్లున్నారు, కల్యాణ మండపం ఓనరున్నాడు, ఒక ఎద్దు కూడా ఉంది. ఎద్దు స్టీరింగు బాగానే తిప్పేది. కొమ్ములు ముందద్దానికి తగులుతున్నాయని నేనే మాన్పించాను.

ఇంతమందిలో నన్ను ఏడిపించింది ఒక్కతే, మా ఉషత్త. ఆమె సంగతే రాస్తున్నాను. ఆమెకు తెలిస్తే నా వీపు పగులుతుంది. కానీ తెలియదు, ఆమెకు తెలుగు చదవడం రాదు. ఇక్కడ బళ్లో నేర్పేది తమిళమే, మా వాళ్లలో చాలామందికి రాదు. నాకెలా వచ్చిందంటే అది వేరే కథ, అందులో ఒక పులి ఉంది, ఇప్పుడు వద్దు.

ఉషత్త పుట్టింది మలేశియాలో, సముద్రం ఒడ్డున ఒక కొబ్బరి తోటలో. వాళ్ల ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి కూలికి పోయాడట. మా చిన్నమామ దేవరాజన్ అక్కడ హోటల్లో పనికి చేరి ఆమెను పెళ్లి చేసుకున్నాడు. అదే హోటల్లో కొబ్బరి తురిమే యంత్రం ఆయన ఎడమచేతి వేళ్లు కొన్ని మింగేసింది. ఇక్కడ మా తాత చనిపోతే, భాగాలు పంచుకోవడానికి రమ్మన్నారని వచ్చి, పంపకం తెగక నెలలు గడిచేసరికి, ఇద్దరూ మా తుంబలహళ్లిలోనే ఉండిపోయారు. మాకు ఫారిన్ మలేశియా. ఆమెకు ఫారిన్ మా ఊరు. మా ఎండ ఆమెకు పడదు, మా నీళ్లు పడవు, మా మనుషులైతే అసలే పడరు. చిన్నమామ పాత చొక్కా వేసుకొని, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చేను గట్టు మీద అధికారిలా నడుస్తుంది. ఆమె మాట్లాడేదీ తెలుగే, కాని మా తెలుగు కాదు. సగం మాటల చివర ‘లా’ అని ఒక తోక తగిలిస్తుంది. అది మలేశియా అలవాటు. ఆ తోక తగిలించి తిడితే రెండుసార్లు తిట్టినట్టుంటుంది.

గొడవ భాగాలు పంచిన రోజే మొదలయింది. పెద్దమామ సుబ్బరాయన్‌కు ట్రాక్టరు, కింద రోడ్డు పక్కన ఇల్లు, నీరు పారే పొలం దక్కాయి. చిన్నమామకు మిట్ట మీది పాత ఇల్లు, దాని పక్కన మెట్ట నేల, తాత తిరిగిన డీజిల్ అంబాసిడర్ వచ్చాయి. పెద్దమనుషులు లేచి చెప్పులు వేసుకుంటూ ఉంటే పెద్దమామ స్పానరు తీసుకొని కారు బానెట్ ఎత్తాడు.

“ఏమి చేస్తా ఉండావన్నా?” అన్నాడు చిన్నమామ.

“కారు నాయనది. నీ భాగానికి వచ్చింది, తీసుకో. బ్యాటరీ నేను పెట్టించినాను. నాది నేను విప్పుకుంటా ఉండాను.”

విప్పుకొని ఊరుకోలేదు. తన ట్రాక్టరు నుంచి ఎప్పుడో తీసి కోళ్ల దగ్గర పడేసిన చచ్చిన బ్యాటరీని తెచ్చి, ఆ చోట బిగించి, చేతులు తుడుచుకున్నాడు. “చూసినారు కదా? ఊరికే ఎత్తుకొని పోలేదు. బదులు పెట్టినాను.”

ఆ బ్యాటరీలో మిగిలిన ప్రాణం ఎంతంటే, తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మిణుక్కుమనేది. స్టార్టరు తిప్పే శక్తి మాత్రం దానికి లేదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకొని, లెక్క సరిపోయిందన్నారు.

ఉషత్త ముందుకొచ్చింది. “బావగారూ, టైర్లలో గాలి కూడా మీదేనేమో సూసుకోండిలా. మళ్లీ మర్సిపోతారు.”

ఎవడో నవ్వాడు. నేనే. పెద్దమామ మొహం మీద మిరపకాయ నలిపినట్టయింది.

“దీన్ని తోలేదెవురు?” అన్నాడు అందరికీ వినబడేలా. “వాని చెయ్యి గేరు పట్టదు. ఈమె కాలు క్లచ్చు ఎరగదు. కోళ్లను మూసుకుంటారా ఇందులో?”

“మా ఊర్లో పెళ్లికి ముందునుంచీ కారు తోలాను నాను.”

“మీ ఊరిది గేరు లేని బొమ్మ కారు. సుమ్మా, ఊరికే కూర్చుంటే అదే పోతాది. మా నాయన ఈ కారులో ఏటేటా ఆడి పదినెట్టుకు సామిని హొగేనకల్ తీసుకొని పోయినాడు. ఈ ఏడు మీరు తీసుకొని పోండి. సామిని ఏటికి తీసుకుపోయి, తిరిగి ఇంటికి తెస్తే కారు మీదే. నేను మాట్లాడను. చెయ్యలేకుంటే కారుకు తాడు కట్టి నా వాకిట్లోకి ఈడ్చుకుంటాను.”

మా ఇంటి సామి అంటే ఒక శూలం. ఆడి నెల పద్దెనిమిదో రోజున పసుపు గుడ్డలో చుట్టి కావేరికి తీసుకుపోయి స్నానం చేయించాలి. స్నానం అయ్యాక, మళ్లీ ఇల్లు చేరేదాకా దాన్ని నేల మీద పెట్టకూడదు, పట్టుకున్న మనిషి కూడా బండి దిగకూడదు. పట్టుకునేది మా అవ్వ సరసమ్మ. ఆమె రెండు ఇళ్లకూ తల్లే అయినా ఉండేది పెద్దమామ ఇంట్లో, తినేది ఆయన అన్నం, పాడేది ఆయన పాట.

“పెద్దోడు చెప్పింది సరిగానే ఉండాది,” అంది అవ్వ. “సామి నడిచి పోదు.”

చిన్నమామ నేల చూశాడు. ఉషత్త మాత్రం “సరే” అంది. అంత గట్టిగా అనాల్సిన పని లేదు.

కారు పోతే ఆమెకు ఏం పోతుందో పెద్దమామకు బాగా తెలుసు. మిట్ట నేలలో ఆమె నీడ వల కట్టి, ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, టమాటా నారు పెంచుతుంది. కొబ్బరి తోటలో పుట్టింది కదా, ఆ పొట్టును ఎంత తడపాలో మా వాళ్లెవరికీ అంత బాగా తెలియదు. ఈ మాట ఆమె ముందు అనను. రైతు అడిగిన పొద్దున నారు అతని చేనుకు చేరాలి. ఎండ ఎక్కితే ట్రేలోనే వాలిపోతుంది. అంతదాకా పెద్దమామ ట్రాక్టరు మోసేది. భాగాలైన మర్నాటి నుంచి మానేసింది. కారు లేకపోతే నారు పని మూతపడుతుంది. అది మూతపడితే ఆ నేల ఆయనకే కౌలుకు ఇవ్వాలి. ఆయనకు కావలసింది తాత కారు కాదు, దాని వెనకున్న మిట్ట.

మర్నాడు నేను కూర్చునే టీకొట్టు దగ్గరికే వచ్చింది ఉషత్త. “ఓ గుంటడా, నువ్వు కాలేజీలో ఇంజన్లు సదివావంట. నిజమేనా, అదీ అబద్దమేనా?”

“అత్తా, నేను చెవి పెట్టి వింటే ఇంజను తన రోగం తానే చెప్తాది.”

“నోరు కాదు, కాలు నేర్పు నాకు.”

కొత్త బ్యాటరీ కొనమని మొదటే చెప్పాను. వినలేదు. “కొన్నానంటే ఆయన ఎత్తుకెల్లింది ఆయనదే అని ఒప్పుకున్నట్టు. నానొప్పుకోను. తెచ్చి ఇచ్చేదాకా ఈ సచ్చిందాంతోనే తోల్తాను.” ఇంత మొండిది మా వంశంలో పుట్టకుండా మలేశియాలో ఎందుకు పుట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

బ్యాటరీ లేని కారుకు మిట్టే స్టార్టరు. వాళ్ల ఇంటినుంచి పెద్దమామ ఇంటిదాకా సందు ఒకటే వాలుగా దిగుతుంది. కారు ముక్కు కిందికి పెట్టి, చక్రం కింద ఒక బండ పెట్టి నిలపాలి. పొద్దున తాళం తిప్పి, క్లచ్చు తొక్కి, రెండో గేరు వేసి, బండ తీసేయాలి. కారు తనంతట తానే దొర్లుతుంది. వేగం అందుకున్నాక క్లచ్చు మీది కాలు తీస్తే, దొర్లే చక్రాలు ఇంజనును తిప్పుతాయి. ఒక్క కుదుపు, ఒక్క మోత, అంతే, ఇంజను లేస్తుంది. మా పక్క పసిపిల్లలకు కూడా తెలిసిన విద్య. గేరు లేని కారు తోలినదానికి మాత్రం ఇది మంత్రంలా కనబడింది.

అసలు తంటా ఆమె ఎడమకాలు. గేరు లేని కారులో ఎడమకాలికి పని ఉండదు. ఇన్నేళ్లూ జమీందారులా చాపుకొని కూర్చున్న కాలు అది. ఇప్పుడు లేచి పని చెయ్యమంటే చేస్తుందా? బ్రేకు వెయ్యమంటే ఎడమకాలితో క్లచ్చును దంచేది. ఆగమంటే క్లచ్చు మరిచిపోయేది, కారు దగ్గి చచ్చేది. మామూలు కారు ఆగిపోతే తాళం తిప్పుకుంటారు. ఈ కారు ఆగిపోతే తొయ్యాలి. ఆమెకు ఎవరూ చెయ్యి వెయ్యకూడదని పెద్దమామ ఊరంతా చెప్పి ఉన్నాడు. అందుకని తోసేది నేనే. ఆడికి ముందొచ్చే ఆని నెలంతా నేను తోసిన తోపుకు ఆ కారు మెల్లగా రామేశ్వరం పోయి వచ్చి ఉండేది.

“అత్తా, అది క్లచ్చు, బొద్దింక కాదు. అంత కోపంగా తొక్కేదేంది?”

“నీ మొగం తల్సుకుంటే అంతే తొక్కుతాను.”

“మలేశియాలో అందరూ ఇట్లే తోల్తారా?”

“మలేశియాలో నీలాంటోడికి సైకిలు కూడా ఇవ్వర్లా.”

నా పద్ధతి ఒకటుంది, ఇంకెవరి దగ్గరా లేదు. ఆ రోజుల్లో పాలకోడు మార్కెట్టులో టమాటాను అడిగే నాథుడు లేడు, రోడ్డు పక్కన కుప్పలు పోసి ఉండేవి. బాగా పండిన కాయ ఒకటి తెచ్చి డ్యాష్‌బోర్డు అంచు మీద పెట్టేవాణ్ణి. క్లచ్చు కుదుపుగా వదిలితే కాయ జారి ఒళ్లో పడి పగులుతుంది. మెత్తగా వదిలితే నిలుస్తుంది. మొదట్లో ఆమె ప్యాంటు పిండి రసం కాచుకోవచ్చు. పోనుపోను కాయ గేటు దాటింది, సందు దాటింది, ఒకరోజు చక్కెర మిల్లు దాకా కదలకుండా వచ్చింది. కారు ఆపి, ఆ కాయను తీసుకొని, నా కళ్లలోకి చూస్తూ కొరికి తిన్నది. గురువుకు సగమైనా ఇవ్వలేదు.

పెద్దమామకు ఈ కబురు చేరింది. మర్నాడు పొద్దున సందు అడుగున, తన వాకిటి ముందు, ట్రాలీడు పేడ కుప్ప పోయించాడు. కారు అప్పటికే దొర్లుతోంది. ఆపితే మళ్లీ మిట్టెక్కించడం నా వల్ల కాదు. ఆమె ఆపలేదు. కుప్పకు ముందే క్లచ్చు వదిలింది, ఇంజను లేచింది, రెండో గేరులో కుప్పను చీల్చుకుంటూ పోయింది. పేడ లేచి పెద్దమామ కొత్తగా సున్నం కొట్టించిన గోడ మీద, తోరణం మీద, పళ్లు తోముకుంటూ నిలబడ్డ ఆయన మీద పడింది.

“ఎరువు బాగుందిలా!” అని కిటికీలోంచి అరిచి పోయింది.

ఆ కాలంలోనే ఒకరోజు, కారు చక్కెర మిల్లు రోడ్డులో ఆగిపోయి తోసేవాళ్లు లేక ఇద్దరం కూర్చున్నప్పుడు అడిగింది. “ముందుకి దొర్లితేనే ఇంజను లేస్తాదా? ఎనక్కి దొర్లితే?”

నేను వెంటనే నా బస్సు కథ చెప్పాను. తొప్పూరు ఘాటులో నిండు బస్సు ఎక్కలేక ఆగిపోయింది, బ్యాటరీ లేదు, డ్రైవరు చెయ్యెత్తేశాడు. ప్యాసింజరుగా కూర్చున్న నేను లేచి స్టీరింగు పట్టి, రివర్సు గేరు వేసి, వెనక్కి దొర్లించి ఇంజను లేపాను. లేపినవాణ్ణి ఊరుకోకుండా అదే ఊపులో సేలం దాకా రివర్సులోనే తీసుకుపోయాను. కండక్టరు టికెట్లు కింది నుంచి పైకి చింపాడు. తాగిన డీజిలు మళ్లీ ట్యాంకులోకి చేరి, సేలంలో దిగేసరికి ట్యాంకు పొంగి పొర్లుతోంది.

ఉషత్త నా వైపు తిరిగింది. “నీ నోట్లో నిజం పుడితే, అది సిగ్గుతో సచ్చిపోద్ది.”

ఆడి పదినెట్టు వచ్చింది. ముందు అద్దానికి ఎర్ర ఎల్ అక్షరం, పక్క సీటులో నేను, వెనక చిన్నమామ, ఆయన పక్కన పసుపు గుడ్డలో శూలం నిలువుగా పట్టుకున్న అవ్వ. అవ్వ కారెక్కేముందు నాలుగు దిక్కులకూ దండం పెట్టుకుంది. “సామి ఉండాది కాబట్టి ఎక్కుతా ఉండాను. నీ డ్రైవింగును నమ్మి కాదు,” అంది.

“నాను కూడా సామి ఉందని ఎక్కించుకుంటున్నాను, మిమ్మల్ని సూసి కాదు,” అంది ఉషత్త.

పాప్పారపట్టి దాటాం, పెన్నాగరం దాటాం. ఎక్కడా ఇంజను ఆగలేదు. తర్వాత అడవిలో హొగేనకల్ దాకా దిగుడే. దిగుడు వస్తే మా పక్క తోలేవాళ్లందరూ చేసే పని ఒకటుంది. గేరు తీసేసి న్యూట్రలు చేసి, ఊరికే జారనిస్తారు, డీజిలు మిగులుతుందని.

“గేరు తియ్యి అత్తా, చుక్క ఖర్చు లేకుండా దించుతాను.”

“బ్రేకు సచ్చిపోతే నీ కథలు పట్టుకుంటాయేటి కారుని?” రెండో గేరు వేసింది. ఇంజను గుర్రుమంటూ కారును వెనక్కి పట్టింది. ఒక మలుపులో గేరు తీసి జారిన వ్యాను ఒకటి గట్టుకు ఆనుకొని ఉంది, బ్రేకుల నుంచి పొగ లేస్తోంది, జనం చక్రాల కింద రాళ్లు తోస్తున్నారు. ఉషత్త వాళ్లను చూపించి నా వైపు తిరిగింది. నేను కోతులను చూస్తున్నాను. ఆ మలుపులో చూడదగ్గ కోతులున్నాయి.

చిక్కు పార్కింగు దగ్గర వచ్చింది. ఆ మైదానం వాలుగా ఉంటుంది. కారు ముక్కు పల్లం వైపు పెట్టుకుందామని మా ఏర్పాటు, పోయేటప్పుడు దొర్లించుకోవచ్చని. విజిలు పట్టుకున్నవాడు ఒప్పుకోలేదు. అన్ని బండ్లూ ముక్కు మిట్టకు పెట్టాలన్నాడు. వెనక నుంచి హారన్లు. పెట్టాం. వెనక చక్రం కింద బండ పెట్టాం. మా వెనక ఖాళీగా వాలు దారి, ఆ దారి చివర చేపలు వేయించే కొట్లు.

“పోయేటప్పుడు మన వాళ్లు నలుగురు పట్టి తిప్పుతార్లే,” అన్నాడు చిన్నమామ. ట్రాక్టరు ట్రాలీలో పెద్దమామ వెంట వచ్చిన బంధువులు ముప్పాతిక ఊరున్నారు కదా అని ఆయన ధైర్యం.

శూలానికి స్నానమయింది, పసుపయింది, చిత్రాన్నం తిన్నాం. అవ్వ తడి గుడ్డలో శూలం పట్టుకొని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఇక ఇంటిదాకా దిగడానికి లేదు. అప్పుడు చూశాం, కారు ముందు పెద్దమామ. పక్కన ట్రాక్టరు. చేతిలో కొత్త తాడు.

“ఏం, ఇంజను లేస్తా ఉండాదా?” అన్నాడు.

“నలుగురు చెయ్యేస్తే తిప్పి దొర్లిస్తాం,” అన్నాడు చిన్నమామ, బంధువుల వైపు చూస్తూ.

పెద్దమామ కూడా వాళ్ల వైపు తిరిగాడు. “ఎవడైనా ఆ కారు మీద చెయ్యి వేసినాడో, వాని చేనులోకి నా ట్రాక్టరు దిగదు. నా గడప వాడు తొక్కేది లేదు.”

ఒక్కడు కదల్లేదు. చేతులు కట్టుకున్నవాళ్లు కట్టుకున్నారు, ఫోను తీసినవాళ్లు తీశారు. నా సొంత చిన్నాన్న చంద్రప్ప చెప్పు తెగిందని వంగాడు, చెప్పు బాగానే ఉంది. నేనూ, ఒంటిచేతి చిన్నమామా కలిసి ఆ అంబాసిడర్ ముక్కును పల్లానికి తిప్పడం కుదిరే పని కాదు. అంటే నేనొక్కణ్ణే అయితే కుదిరేదే, చిన్నమామ అడ్డం.

“సామిని తెచ్చినావు, సంతోషం,” అన్నాడు పెద్దమామ తాడు విప్పుతూ. “ఇంటికి తెచ్చేది నేను. అమ్మా, నువ్వు ఆడే కూర్చో, కారుతో పాటు ఈడ్చుకొని పోతాను.”

“మెల్లగా ఈడ్చురా పెద్దోడా,” అంది అవ్వ లోపలినుంచి. “సామి ఉండాది.”

ఉషత్త మొహం నేను అలా ఎప్పుడూ చూడలేదు. తిట్టడం కూడా మానేసింది. మైదానం వైపు చూసింది, వెనక వాలు దారి వైపు చూసింది. నన్ను చొక్కా పట్టుకొని కారు పక్కకు లాగింది.

“ఓ గుంటడా. ఆ బస్సు కథ. సేలం ఒద్దు, డీజిలు ఒద్దు. ఎనక్కి దొర్లించి రివర్సు గేరులో ఇంజను లేపావన్నావు సూడు, ఆ ఒక్క ముక్క. నిజమా, అబద్దమా? ఇప్పుడు సెప్పు. అబద్దమైతే నా నారు పోద్ది, మీ మావ సచ్చిపోతాడు, నిన్ను నాను సంపుతాను.”

నేను రెప్ప వెయ్యలేదు. “నిజం అత్తా. వెనక్కి దొర్లే చక్రం, వెనక్కి తిప్పే గేరు, రెండూ ఒకే పక్క కదా. ఇంజనుకు తెలీదు, దానికి ముందూ వెనకా ఒకటే. కాని రివర్సులో పట్టు ఎక్కువ. నువ్వు టమాటా కాయ పెట్టి వదిలినట్టు వదిలితే లేవదు. బొద్దింకను తొక్కినావు చూడు, అట్ల తియ్యి కాలు.”

ఆమె నా చొక్కా వదిలింది. తర్వాత స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్కన ఎక్కాను. ఎందుకెక్కానని నన్ను ఇప్పటికీ అడుగుతారు. గురువు ఎక్కకపోతే ఎలా?

తాళం తిప్పింది. ఎర్ర దీపం మిణుక్కుమంది. క్లచ్చు తొక్కింది. రివర్సు వేసింది. తల బయట పెట్టి, “ఏమండీ, బండ తియ్యండి!” అని అరిచింది.

పెద్దమామ బంపరు కింద తాడు దూర్చడానికి వంగి ఉన్నాడు. “యాడికి తీస్తావురా బండ? వెనక పల్లం!”

చిన్నమామ మంచి చేత్తో బండ లాగేశాడు.

కారు వెనక్కి కదిలింది. మెల్లగా, తర్వాత మెల్లగా కాదు. పెద్దమామ చేతిలోంచి తాడు జారింది. విజిలువాడు విజిలు ఊదాడు, ఆపడం లేదు. బంధువులు “అయ్యయ్యో” అని ఒక్కగొంతుతో అరిచారు కాని ఎవరూ చెయ్యి మాత్రం వెయ్యలేదు. చేపల కొట్లలో కూర్చున్నవాళ్లు ఆకులు పట్టుకొని లేచి పరిగెత్తారు.

“ఏమ్మే! మలేశియా దానా! సామిని చంపుతావా!” అవ్వ శూలాన్ని కౌగలించుకొని అరుస్తోంది.

“ఇప్పుడు!” అన్నాను.

“నాకు తెలుసు, నోర్ముయ్!” అంది. ఎడమకాలు ఒక్కసారిగా పైకెత్తింది. జమీందారు మొదటిసారి ఒళ్లు వంచి పని చేశాడు.

కారు ఎవరో వీపున గుద్దినట్టు ఆగింది. నేను సీటులోకి కూరుకుపోయాను. వెనక చక్రాలు కీచుమని దుమ్ము లేపాయి, ఇంజను రెండు దగ్గులు దగ్గింది, మూడోది దగ్గు కాదు. గర్జించింది. వెనక గొట్టంలోంచి నల్లని పొగ ఒక కొట్టు మీది చేపలన్నిటినీ కప్పేసింది.

బ్రేకు, క్లచ్చు, రెండూ ఈసారి సరైన కాళ్లతోనే. మొదటి గేరు. కారు మిట్టెక్కుతూ నేరుగా పెద్దమామ దగ్గరికి పోయింది. తాడు ఆయన కాళ్లకు చుట్టుకొని ఉంది, ఆ మోకాళ్లకు జానెడు దూరంలో ఆపింది. ఇంజను ఆగలేదు.

“తప్పుకోండి బావగారూ. సామి ఇంటికెల్లాలి.”

తప్పుకున్నాడు. చిన్నమామ పరిగెత్తి వచ్చి వెనక ఎక్కాడు. బండను మరిచిపోలేదు, ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. పెన్నాగరం దాటాం. అప్పుడు అవ్వ అంది, “కారు బాగుండాది. తోలేదానికి మర్యాద తెలీదు.”

“మర్యాద ఎడంకాల్లో లేదులా, అత్తా,” అంది ఉషత్త.

దీపాలు పెట్టేలోపు శూలం ఇల్లు చేరింది. ఇప్పుడు చెప్పండి, నా బస్సు కథ అబద్ధమన్నవాళ్లు ఎక్కడున్నారు? ఇంజనే సాక్ష్యం చెప్పింది కదా. ఉషత్తను అడిగితే మాత్రం వేరేలా చెప్తుంది. “వాడి అబద్ధాల మందలోంచి ఒకటి దారి తప్పి నిజం అయింది,” అంటుంది. నేర్పినందుకు ఒక్క మంచి మాట ఇంతవరకూ రాలేదు. రాదని నాకూ తెలుసు. లైసెన్సు వచ్చిన రోజు ఎండు చేపల వేపుడు పెట్టింది, అందులో కారం నా కోసమే ప్రత్యేకంగా దంచినట్టుంది.

ఊరు ఊరంతా నవ్వేసరికి, పెద్దమనుషులు మళ్లీ కూర్చొని, ఆ విప్పుకున్న మంచి బ్యాటరీ కారుదేనని తేల్చారు. పెద్దమామ దాన్ని తెచ్చి మిట్ట మీది గుమ్మంలో దించి పోయాడు. ఉషత్త తీసుకుంది. కాని కారుకు బిగించలేదు. నారు మీద మందు చల్లే మిషనుకు తగిలించింది. కారుకు ఆ చచ్చిన బ్యాటరీనే ఉంచింది. నాకు ఒళ్లు మండింది. ఎందుకని అడిగాను. మర్నాడు తెల్లారి చూసి తెలుసుకున్నాను.

ఇప్పుడు పాలకోడు నుంచి పాప్పారపట్టి దాకా రైతులకు ఆమె నారే కావాలి. రోజూ వేకువన ట్రేలు ఎక్కించి, చిన్నమామ బండ తీస్తాడు. అంబాసిడర్ చప్పుడు లేకుండా సందులో దొర్లుతుంది, ఎంత మెత్తగా అంటే దారిలో కుక్క కూడా లేవదు. ఇంజను ఎక్కడ లేపాలన్నది తోలేవాళ్ల ఇష్టం. సందు మధ్యలో లేపొచ్చు, చివర లేపొచ్చు. ఉషత్త ఎప్పుడూ ఒకే చోట, పెద్దమామ పడకగది కిటికీ కిందికి ముక్కు చేరాకే, క్లచ్చు వదులుతుంది.